నవంబరు 1: ఒక తేదీ, అనేక చరిత్రలు



దినపత్రికల్లో ఏదో ఒక మూల 'చరిత్రలో ఈ రోజు' అనే చిన్న పెట్టె కనిపిస్తుంది. అందులో నాలుగైదు సంవత్సరాలు, వాటి పక్కన నాలుగైదు వాక్యాలు ఉంటాయి. పోటీ పరీక్షలకు తయారయ్యేవారు వాటిని కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకుంటారు. దీన్ని నేను తప్పుపట్టను, తేదీ తెలియకుండా చరిత్ర చదవలేం. అయితే ముప్పై ఏళ్లకు పైగా జవాబు పత్రాలు దిద్దినవాడిగా ఒక సంగతి చెప్పాలి. 'ఆంధ్రప్రదేశ్ ఎప్పుడు ఏర్పడింది?' అని అడిగితే నూటికి తొంభైమంది సరిగ్గా రాస్తారు. 'ఆ రోజు ఏం మారింది, ఎవరికి మారింది?' అని అడిగితే కలాలు ఆగిపోతాయి. ఈ పాఠంలో మనం ఆ రెండో ప్రశ్నను పట్టుకుందాం. అందుకోసం ఒకే తేదీని, నవంబరు 1ని, తీసుకుంటున్నాం. ముందుగా అందరికీ తెలిసిన 1956తో మొదలుపెట్టి, తరువాత అదే తేదీన జరిగిన మరికొన్ని సంఘటనల దగ్గరికి వెళదాం.

1956: ముందురోజు రాత్రి వరకు

1956 నవంబరు 1 గురువారం. ఆ రోజును అర్థం చేసుకోవాలంటే దాని ముందురోజును చూడాలి. అక్టోబరు 31 వరకు తెలుగువారు ప్రధానంగా రెండు రాష్ట్రాల్లో ఉన్నారు. మొదటిది ఆంధ్ర రాష్ట్రం. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తరువాత మద్రాసు నుంచి విడివడి, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా పదకొండు జిల్లాలతో ఏర్పడింది. రెండోది హైదరాబాదు రాష్ట్రం. అందులో తెలుగు మాట్లాడే తెలంగాణ జిల్లాలతోపాటు మరాఠీ మాట్లాడే మరాఠ్వాడా, కన్నడం మాట్లాడే గుల్బర్గా, రాయచూరు, బీదరు జిల్లాలు కలిసి ఉండేవి. దానికి రాజ్‌ప్రముఖ్‌గా 1950 జనవరి 26 నుంచి చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కొనసాగుతున్నారు.

అక్టోబరు 31 అర్ధరాత్రితో హైదరాబాదు రాష్ట్రమే లేకుండా పోయింది. రాజ్‌ప్రముఖ్ అనే పదవి కూడా రద్దయింది. అదే రోజు అమల్లోకి వచ్చిన ఏడో రాజ్యాంగ సవరణ దేశమంతటా రాష్ట్రాల మధ్య ఉన్న ఎ, బి, సి తరగతుల తేడాను తీసివేసింది. మన పాఠ్యపుస్తకాల్లో నవంబరు 1 ఎప్పుడూ ఒక పుట్టినరోజుగానే కనిపిస్తుంది. దక్కనులో 1724 నుంచి ఏదో ఒక రూపంలో నిలిచిన ఒక పాలనా విభాగం ముగిసిన రోజు కూడా అదే. మూడు భాషల జనం ఒకే రాజధాని వైపు చూసిన ఏర్పాటు ఆ రాత్రితో ఆగిపోయింది. ఔరంగాబాదు బొంబాయి వైపు, గుల్బర్గా మైసూరు వైపు, వరంగల్లు కొత్త ఆంధ్రప్రదేశ్ వైపు తిరిగాయి.

ఈ తేదీ ఎక్కడి నుంచి వచ్చింది? ఏ పంచాంగం నుంచీ కాదు, ఏ ఉద్యమ స్మృతి నుంచీ కాదు. 1956 ఆగస్టు 31న రాష్ట్రపతి ఆమోదం పొందిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో రెండో సెక్షను కొన్ని పదాలకు నిర్వచనాలు ఇస్తుంది. వాటిలో 'నియమిత దినం' ఒకటి. నియమిత దినం అంటే 1956 నవంబరు 1 అని అక్కడ రాసి ఉంది, అంతే. ఆంధ్రప్రదేశ్‌కు, కేరళకు, మైసూరుకు, మధ్యప్రదేశ్‌కు ఆ ఒక్క నిర్వచనమే వర్తించింది. ఇన్ని రాష్ట్రాలు ఒకే రోజున అవతరణ దినం జరుపుకోవడం వెనుక ఉన్న కారణం ఇదే.

మూడో సెక్షనులోని ఊళ్లు

అదే చట్టంలో మూడో సెక్షనును మీరంతా ఒక్కసారైనా చదవాలని నా కోరిక. హైదరాబాదు రాష్ట్రం నుంచి ఆంధ్రకు బదిలీ అయ్యే ప్రాంతాల జాబితా అందులో ఉంది. జిల్లాల పేర్లు రెండు పంక్తుల్లో అయిపోతాయి. ఆ తరువాత వచ్చేవి తాలూకాలు, సర్కిళ్లు. రాయచూరు జిల్లా నుంచి ఆలంపూరు, గద్వాల తాలూకాలు. గుల్బర్గా జిల్లా నుంచి కొడంగల్, తాండూరు తాలూకాలు. బీదరు జిల్లా నుంచి నారాయణఖేడ్, ఒక సర్కిలు మినహా జహీరాబాదు, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలు. నాందేడ్ జిల్లా నుంచి బిచ్కుంద, జుక్కల్, ముధోల్, భైంసా, కుబీరు సర్కిళ్లు. ఆదిలాబాదు జిల్లా మాత్రం మొత్తంగా రాలేదు. కిన్వట్, రాజురా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలు అటు మరాఠీ వైపు వెళ్లిపోయాయి.

ఈ జాబితా చదివితే నాకు ఒక కాంటాక్టు తరగతి గుర్తుకొస్తుంది. తాండూరు ప్రాంతంలో ఒక ఆదివారం నాడు ఆంధ్రప్రదేశ్ అవతరణ గురించి చెబుతున్నాను. వెనుక బెంచీలో కూర్చున్న నడివయసు విద్యార్థి ఒకరు లేచారు. పగలు వ్యవసాయం, రాత్రి చదువు ఆయనది. సంచిలోంచి ఒక పాత పహాణీ నకలు తీసి బల్లమీద పెట్టారు.

"సార్, ఇది మా తాత పేరు మీదున్న భూమి. మాది కొడంగల్ దిక్కు. ఇండ్ల గుల్బర్గా జిల్లా అని రాసి ఉంది. మేమెప్పుడు ఇటు వచ్చినం సార్? మావోళ్లెవరూ ఇల్లు కదల్లేదని మా నాయన అంటడు."

తరగతి అంతా నవ్వింది. నేను నవ్వలేదు. నిజానికి నా దగ్గర అప్పటికప్పుడు చక్కని సమాధానం కూడా లేదు. మూడో సెక్షను సంగతి తెలుసు గాని, దాన్ని ఒక కుటుంబం వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ తాతగారు ఒకే ఇంట్లో ఉండి నిజాం ప్రజగా పుట్టారు. ఆ తరువాత హైదరాబాదు రాష్ట్ర పౌరుడయ్యారు. ఒక గురువారం ఉదయం ఆంధ్రప్రదేశ్ పౌరుడిగా, గుల్బర్గాకు బదులు మహబూబ్‌నగర్ జిల్లావాసిగా లేచారు. భూమి తగాదా వస్తే వెళ్లవలసిన జిల్లా కోర్టు మారింది, కలెక్టరు కచేరీ మారింది, ఆ కచేరీకి వెళ్లే దారి మారింది. ఇప్పుడు ఆయన మనవడికి జిల్లా వికారాబాదు, రాష్ట్రం తెలంగాణ. 'చరిత్రలో ఈ రోజు' పెట్టెలో కొడంగల్ పేరు రాదు, చోటు చాలదు కాబట్టి. మీ నోట్సులో మాత్రం దానికి చోటివ్వండి.

ఇలాంటి మార్పు గోదావరి వైపునా ఉంది. మద్రాసు రాష్ట్రంలో, తరువాత ఆంధ్ర రాష్ట్రంలో తూర్పు గోదావరి జిల్లాలో భాగంగా ఉన్న భద్రాచలం ప్రాంతం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. అప్పటికి రెండు పక్కలా ఒకే రాష్ట్రం గనుక అది జిల్లా సరిహద్దు మార్పు మాత్రమే అనిపించింది. 2014లో పోలవరం ముంపు మండలాల విషయం వచ్చినప్పుడు ఆ పాత మార్పు ఎంత ముఖ్యమైనదో అందరికీ అర్థమైంది.

కర్నూలులో ఆ వారం

రాజధాని కోల్పోయిన ఊరి సంగతి కూడా చూడాలి. నేను కర్నూలువాణ్ణి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మన్నించండి.

1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమకు ఉంది. దాని ఆధారంగానే 1953లో రాజధాని కర్నూలుకు వచ్చింది, హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైంది. కర్నూలులో అన్ని కార్యాలయాలకు భవనాలు లేవు. డేరాలు వేసి పని నడిపారు. మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగులకు ఇళ్లు దొరకలేదు. మా అవ్వ తన ఇంటి ముందు భాగం రెండు గదులు ఒక సచివాలయ గుమాస్తా కుటుంబానికి అద్దెకిచ్చింది. నేను పుట్టకముందు సంగతి ఇది. ఆమె చివరి రోజుల వరకు ఈ కథ చెబుతూనే ఉండేది.

"రాజధాని వచ్చిన్నాడు బాడిగ పెరిగె, పోయిన్నాడు తలుపుకు తాళం పడె" అనేది. ఆ గుమాస్తా భార్య వెళ్లేటప్పుడు ఒక రోలు, ఒక తులసికోట వదిలి వెళ్లిందట. రైల్లో పట్టవు కదా. ఆ తులసికోట దగ్గరే నేను పెరిగాను.

కర్నూలు రాజధానిగా ఉన్నది సరిగ్గా మూడేళ్ల ఒక నెల. 1956 నవంబరు 1న అది మళ్లీ జిల్లా కేంద్రమైంది. నాలుగు రోజుల తరువాత, నవంబరు 5న, గుంటూరు హైకోర్టు కూడా హైదరాబాదుకు వెళ్లింది. విశాలాంధ్ర కోసం ఉత్సాహపడినవారిలో సీమ నాయకులూ ఉన్నారు, తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి అనంతపురం జిల్లావారు. అందువల్ల రాయలసీమ ఆ రోజు ఏడ్చిందని నేను అనను. అయితే శ్రీబాగ్ ఒడంబడికలో సీమకు దక్కిన మొదటి హక్కు ఆ రోజుతో చేతినుంచి జారిపోయింది. ఆ లెక్క ఎవరూ సరిచూడలేదు. సీమ ఉద్యమకారులు ఇప్పటికీ శ్రీబాగ్ పేరు ఎందుకు ఎత్తుతారో అర్థం కావాలంటే ఈ తేదీ దగ్గరికే రావాలి.

ఒకరికి పండుగ, ఒకరికి విద్రోహం

హైదరాబాదులో ప్రధానమంత్రి నెహ్రూ కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించారు. చందూలాల్ త్రివేది గవర్నరుగా, సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఇరవై జిల్లాల రాష్ట్రం. అదే రోజు కొన్ని ఇళ్లలో అపనమ్మకమూ మొదలైంది. దాని మూలం తెలుసుకోవాలంటే ఒక ఏడాది వెనక్కి వెళ్లాలి.

ఫజల్ అలీ అధ్యక్షుడిగా, పణిక్కర్, కుంజ్రూ సభ్యులుగా ఉన్న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ 1955 సెప్టెంబరు 30న నివేదిక ఇచ్చింది. విశాలాంధ్ర వల్ల కలిగే లాభాలను ఒప్పుకుంటూనే, తెలంగాణను ప్రస్తుతానికి ప్రత్యేక రాష్ట్రంగా ఉంచమని సూచించింది. 1961 ప్రాంతంలో జరగబోయే ఎన్నికల తరువాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండువంతుల మెజారిటీతో కోరుకుంటే అప్పుడు ఆంధ్రతో కలపవచ్చునంది. కేంద్రం అంత కాలం ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు వైపుల నుంచి నలుగురేసి నాయకులు పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు.

తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే ఖర్చు పెట్టాలి, ఉద్యోగాలకు పన్నెండేళ్ల స్థానిక నివాసం ఉండాలి, తెలంగాణకు ప్రాంతీయ మండలి ఉండాలి, ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలి. ఇవీ అందులోని ముఖ్యమైన మాటలు. కొత్త రాష్ట్రం పేరు గురించి కూడా చర్చ జరిగింది. బిల్లు ముసాయిదాలో 'ఆంధ్ర-తెలంగాణ' అని ఉన్న పేరు చట్టం అయ్యేసరికి 'ఆంధ్రప్రదేశ్'గా మారింది. నవంబరు 1న ఏర్పడిన తొలి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి లేరు. అది ఆరో వేలు లాంటిదని సంజీవరెడ్డి అన్న మాట తెలంగాణ రాజకీయ జ్ఞాపకంలో ఇప్పటికీ మానలేదు.

ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను, మీరు అంగీకరించకపోవచ్చు. విలీనం సరైనదా కాదా అన్న వాదంలో మన విద్యార్థులు శక్తినంతా ఖర్చు చేస్తారు. దానికంటే ముందు చూడవలసిన విషయం, ఏ మాట చట్టంలో ఉంది, ఏ మాట కేవలం సంతకంలో ఉంది అన్నది. తేదీ చట్టంలో ఉంది. గ్రామాల పేర్లు చట్టంలో ఉన్నాయి. ప్రాంతీయ కమిటీకి రాజ్యాంగంలోని 371వ అధికరణంలో చోటు దొరికింది, 1958లో అది ఏర్పడింది కూడా. ఉపముఖ్యమంత్రి పదవి, మిగులు నిధులు పెద్దమనుషుల మాట మీదే నిలిచాయి. నివాస నిబంధన కోసం 1957లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. తెలంగాణకు సంబంధించినంతవరకు అది చెల్లదని 1969 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికే తెలంగాణ పట్టణాల్లో విద్యార్థులు వీధుల్లో ఉన్నారు.

ఆ తరువాతి కథ మరొక పాఠంలో వివరంగా వస్తుంది. ఇక్కడ గమనించవలసింది ఒక్కటే. తెలంగాణ ఉద్యమకారులు నవంబరు 1ని విద్రోహ దినంగా పాటించేవారు. ఒకే ఊళ్లో, ఒకే ఉదయం, ప్రభుత్వ కార్యాలయం మీద జెండా ఎగిరేది, ఎదురుగా వీధిలో నల్ల జెండా ఎగిరేది. నేను పనిచేసిన కాలంలో ఈ రెండూ చూశాను. ఒక పరీక్ష హాలులో 'అవతరణ దినోత్సవ ప్రాముఖ్యాన్ని వివరింపుము' అన్న ప్రశ్నకు ఒక విద్యార్థిని మొదటి పేజీ అంతా ఎందుకు ప్రాముఖ్యం ఉందో రాసి, రెండో పేజీలో తన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరని రాసింది. ఆమెకు నేను మంచి మార్కులే వేశాను.

పదేళ్ల తరువాత, విశాఖలో

ఇప్పుడు అదే తేదీ మీద పదేళ్లు ముందుకు వెళదాం. 1966 నవంబరు 1, మంగళవారం. ఆంధ్రప్రదేశ్‌కు పదేళ్లు నిండిన రోజు. ఆ రోజే విశాఖపట్నంలో పోలీసు కాల్పులు జరిగాయి, విద్యార్థులతో సహా పలువురు చనిపోయారు.

నేపథ్యం ఇది. దక్షిణాదిలో ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నం అనువైన చోటని ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందం 1965లో సిఫారసు చేసింది. 1966 జూలై 1న రాష్ట్ర శాసనసభ విశాఖలోనే పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. కేంద్రం తేల్చలేదు. అక్టోబరు 15న టి. అమృతరావు విశాఖలో నిరాహార దీక్ష మొదలుపెట్టారు. తెన్నేటి విశ్వనాథం వంటి నాయకులు, అన్ని పార్టీల కార్యకర్తలు, అన్నిటికంటే ఎక్కువగా కాలేజీ విద్యార్థులు కదిలారు. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అన్న నినాదం శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, హైదరాబాదులోనూ వినిపించింది. అప్పటి ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి, ప్రధాని ఇందిరాగాంధీ. నవంబరు 1 కాల్పుల తరువాత రెండు రోజులకు దీక్ష విరమించారు. మొత్తం ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయని ఉద్యమ చరిత్ర చెబుతుంది. పలువురు శాసనసభ్యులు పదవులు వదులుకున్నారు. పార్లమెంటులో కర్మాగారం ప్రకటన వచ్చింది 1970 ఏప్రిల్ 17న. శంకుస్థాపన 1971 జనవరి 20న. ప్రధాని పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. కాల్పుల నుంచి అంకితం వరకు ఇరవై ఆరేళ్లు.

ఇది 1956తో ఎలా కలుస్తుంది? పదేళ్ల వయసున్న రాష్ట్రం తనను తాను ఒకటిగా భావించిన సందర్భాల్లో ఈ ఉద్యమం ముఖ్యమైనదని నా ఉద్దేశం. సర్కారు జిల్లాల్లోని రేవు పట్టణం కోసం సీమ విద్యార్థి, తెలంగాణ విద్యార్థి కూడా రోడ్డెక్కాడు. మూడేళ్లు తిరగకముందే అదే విద్యార్థి లోకం రెండుగా చీలింది. అవతరణ దినాన కాల్పులు జరగడం కాకతాళీయమే. అయినా ఆ తరువాత విశాఖలో చాలా కుటుంబాలకు నవంబరు 1 అంటే ముందుగా గుర్తొచ్చేది అవతరణ కాదు. 2021లో కర్మాగారంలో ప్రభుత్వ వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినప్పుడు అదే నినాదం మళ్లీ గోడల మీదికి వచ్చింది.

అన్నట్టు, విశాఖలో కాల్పులు జరిగిన అదే రోజున ఉత్తరాన పంజాబు నుంచి విడివడి హర్యానా రాష్ట్రం అవతరించింది. మరునాటి జాతీయ పత్రికల్లో రెండు వార్తలూ పోటీపడి ఉంటాయి. గ్రంథాలయంలో పాత సంపుటాలు దొరికితే చూడండి, ఏ పత్రిక దేనికి ఎంత చోటిచ్చిందో కొలిస్తే మంచి చిన్న పరిశోధన అవుతుంది.

యానాం: రాష్ట్రంలోకి రాని ఊరు

1956 నాటి పటంలో గోదావరి చివర ఒక చిన్న మచ్చ కనిపిస్తుంది. అది యానాం. అక్కడి జనం భాష తెలుగు, చుట్టూ ఉన్నది తూర్పు గోదావరి. కాని అది ఫ్రెంచివారి స్థావరం. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో స్వాతంత్ర్యవాదులు యానాం పాలనను చేతుల్లోకి తీసుకున్నారు. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఫ్రెంచి స్థావరాల ప్రజాప్రతినిధులు 178 మంది ఓటు వేశారు. 170 మంది భారతదేశంలో కలవాలన్నారు. 1954 నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం పాలన భారత ప్రభుత్వానికి బదిలీ అయింది. చట్టప్రకారం పూర్తి బదిలీ 1962 ఆగస్టు 16న గాని జరగలేదు.

అంటే ఆంధ్రప్రదేశ్‌కు రెండేళ్ల ముందే, అదే తేదీన, ఒక తెలుగు ఊరు భారతదేశంలోకి వచ్చింది, తెలుగు రాష్ట్రంలోకి మాత్రం రాలేదు. 1956లో భాష ఆధారంగా గీతలు గీసినప్పుడు కూడా యానాం పుదుచ్చేరితోనే ఉండిపోయింది. భాష ఒక్కటే సరిహద్దులను నిర్ణయిస్తుందని ఎవరైనా అంటే ఈ ఉదాహరణ గుర్తుంచుకోండి. 1953లో మైసూరుకు వెళ్లిన బళ్లారి ఇంకో ఉదాహరణ. అక్కడి తెలుగు కుటుంబాలు నవంబరు 1న కన్నడ రాజ్యోత్సవాన్ని చూస్తాయి. మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అన్న పేరు వచ్చిందీ 1973 నవంబరు 1నే.

1858: చదివి వినిపించిన తేదీ

ఇంకా వెనక్కి వెళితే 1858 నవంబరు 1. కంపెనీ పాలన ముగిసి విక్టోరియా రాణి పాలన వచ్చిందని అలహాబాదులో లార్డ్ కానింగ్ ప్రకటన చదివిన రోజు. దీని గురించి క్లుప్తంగానే చెబుతాను, మీ ఆధునిక భారత చరిత్ర పాఠంలో ఉంది కాబట్టి. సర్కారు జిల్లాల రైతుకు, దత్త మండలాల రైతుకు మరునాడు శిస్తు వసూలు చేసినవాడు నిన్నటి కలెక్టరే. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు అప్పటికే కంపెనీ కాలంలో పూర్తయ్యాయి. హైదరాబాదు సంస్థానంలో మార్పు వేరే రకంగా కనిపించింది. అంతవరకు నిజాముల నాణేల మీద మొగలు చక్రవర్తి పేరు ఉండేది. చివరి మొగలు బహదూర్ షా పదవి పోయాక ఆ పేరు తీసేసి అసఫ్ జా పేరు ముద్రించారు. రాజకీయ మార్పు సామాన్యుడి చేతిలోకి నాణెం రూపంలో వచ్చిందన్నమాట. చట్టం ఆగస్టులోనే ఆమోదం పొందినా, జనం గుర్తుంచుకున్నది ప్రకటన చదివిన నవంబరు తేదీని.

తేదీకే తగాదా వచ్చినప్పుడు

2014లో మరో చట్టం, మరో నియమిత దినం: జూన్ 2. తెలంగాణకు అది అవతరణ దినం. మిగిలిన ఆంధ్రప్రదేశ్‌కు ఏది పుట్టినరోజు? ఈ ప్రశ్న హాస్యం కాదు, ప్రభుత్వాలే దీనికి వేర్వేరు సమాధానాలు చెప్పాయి. విభజన తరువాత కొన్నేళ్లపాటు నవంబరు 1 వేడుకలు అధికారికంగా జరగలేదు, జూన్ 2న నవనిర్మాణ దీక్ష జరిగింది. 2019లో మళ్లీ నవంబరు 1న అవతరణ దినోత్సవం చేశారు. పదమూడు జిల్లాలతో మిగిలిన రాష్ట్రం దాదాపు 1953 నాటి ఆంధ్ర రాష్ట్రమే కాబట్టి అక్టోబరు 1 సరైనదని వాదించేవారున్నారు. పొట్టి శ్రీరాములు త్యాగం ఆ రాష్ట్రానికే సంబంధించినదని వారు గుర్తుచేస్తారు. ఆ వాదంలో బలం ఉంది. నవంబరు 1ని వదులుకోలేనివారు యాభై ఎనిమిదేళ్ల ఉమ్మడి జీవితాన్ని గుర్తుచేస్తారు. అందులోనూ నిజం ఉంది. నన్ను అడిగితే, మా ఊరి రాజధానిగిరీ కాలం అక్టోబరు 1న మొదలైంది కాబట్టి నేను పక్షపాతినని ముందే ఒప్పుకుంటాను.

మీరు చేయవలసిన పని

ఈ పాఠానికి సంబంధించిన అభ్యాసం ఇది. మీ ఇంట్లో గాని, బంధువుల ఇంట్లో గాని 1956కు ముందు నాటి కాగితం ఒకటి వెతకండి. పట్టా, పహాణీ, బడి సర్టిఫికెట్టు, మనియార్డరు రసీదు, పెళ్లి శుభలేఖ, ఏదైనా సరే. దాని మీద ఏ జిల్లా, ఏ రాష్ట్రం పేరు ఉందో రాసుకోండి. ఉర్దూలోనో కన్నడంలోనో ఫ్రెంచిలోనో ఉంటే చదవగలిగినవారిని అడగండి. అదే చిరునామా ఇప్పుడు ఏ జిల్లాలో, ఏ రాష్ట్రంలో ఉందో పక్కన రాయండి. మధ్యలో జరిగిన ప్రతి మార్పు ఏ తేదీన, ఏ చట్టం లేదా ఉత్తర్వు ద్వారా జరిగిందో కనుక్కోండి. తరువాత ఇంట్లో పెద్దవారిని, ఆ మార్పు వారికి ఎప్పుడు, ఎలా తెలిసిందో అడగండి. వారు చెప్పే తేదీ, చట్టంలోని తేదీ కలవకపోతే కొట్టివేయకండి, రెండూ రాయండి. మూడు పేజీలకు మించకుండా రాసి తదుపరి కాంటాక్టు తరగతికి తీసుకురండి. అసలు కాగితం ఇంట్లోనే భద్రంగా ఉంచి, నకలు మాత్రమే తెండి.